అడవి పందికి స్తంభం కరెంటు వద్దు, సోలార్ కంచె కావాలె



సోలార్ కంచె వీడియో పెట్టిన తర్వాత వచ్చిన ఫోన్లలో సగానికి పైగా ఒకటే మాట. "అన్నా, అంత ఖర్చెందుకు? మోటారు డబ్బా నుంచి ఒక తీగ లాగితే అయిపోతది గదా. మా దిక్కు అందరు గదే చేస్తున్నరు." ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడ రాయడం మేలనిపించింది. మిషన్ ఎట్లా బిగించాలో వీడియోలో ఉంది. ఎందుకు బిగించాలో ఇక్కడ చదవండి. వేట గురించి, సోలార్ గురించి, సర్కారు పథకాల గురించి కూడా మాట్లాడతాను, ఎందుకంటే ఇవన్నీ వచ్చి కలిసేది మన చేను గట్టు మీదనే. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోని వాళ్ళు ఉంటారు, పర్వాలేదు.

నేను ఉండేది సికింద్రాబాద్‌లో, చేను మెదక్ జిల్లా నర్సాపూర్ అడవి అంచున. పండించింది అక్కడ, అమ్మేది ఇక్కడ. అందుకని రెండు రకాల మాటలు వింటుంటాను. ఊర్లో హోటల్ దగ్గర కూర్చుంటే "పందులను దొరికిన కాడ దొరికినట్టు కాల్చి పారెయ్యాలె" అంటారు. సైనిక్‌పురిలో గానుగ నూనె కొనడానికి వచ్చే మేడమ్ "పాపం అండీ, వాటి అడవిలోకి మనమే వెళ్ళాం కదా" అంటారు. ఇద్దరినీ నేను తప్పు పట్టను. కానీ ఒకరు మూడు నెలల నుంచి మంచె మీద పడుకుంటున్నారు, ఇంకొకరు ఏసీ గదిలో పడుకుంటున్నారు. ఆ తేడా మాటలో తెలుస్తుంది.

పంది చేసే నష్టం చూడని వాళ్ళ కోసం ఒక్క మాట. పంది తినేది తక్కువ, పాడు చేసేది ఎక్కువ. మక్క పాలు పోసుకునే సమయానికి మంద వస్తుంది. ఒక కంకి కోసం నాలుగు కర్రలు విరుస్తుంది. పల్లి అయితే ఊడ దిగిన దగ్గర నుంచే మూతితో సాళ్ళకు సాళ్ళు దున్నేస్తుంది. గెనుసుగడ్డ సంగతి చెప్పక్కర్లేదు. మన ప్రకృతి వ్యవసాయంలో ఇంకో కష్టం ఉంది. మనం మందులు కొట్టం, ఘనజీవామృతం వేస్తాం, ఆచ్ఛాదన కప్పుతాం, నేల గుల్లగా ఉంటుంది, వానపాములు ఉంటాయి. పందికి వానపాములంటే ప్రాణం. మనం నేలను ఎంత బాగు చేస్తే దానికి అంత పండుగ.

నేను చదివిన వ్యవసాయ డిప్లొమాలో చీడపీడలు అంటే పురుగు, తెగులు, కలుపు, మహా అయితే ఎలుక. పంది పాఠం లేదు.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో బయోగ్యాస్ ప్లాంటు ఉంది, చాలామందికి తెలిసే ఉంటుంది. మిగిలిపోయిన, కుళ్ళిన కూరగాయలు రోజుకు 10 టన్నుల దాకా వేసి, దగ్గర దగ్గర 500 యూనిట్ల కరెంటు, దాంతోపాటు వంట గ్యాస్ తీస్తారు. తార్నాకలోని ఐఐసీటీ సైంటిస్టులు తయారు చేసిన పద్ధతి అది. 2021 జనవరిలో ప్రధాని మోదీ మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు. మంచి పని, నాకు చాలా ఇష్టమైన ప్లాంటు. కానీ అక్కడ నిలబడ్డప్పుడల్లా నాకు వచ్చే ఆలోచన వేరు. మార్కెట్ దాకా వచ్చి వృథా అయిన దానికి తూకం ఉంది, లెక్క ఉంది, కరెంటు కూడా ఉంది. చేను దగ్గరే పంది తొక్కిన మక్క బోయిన్‌పల్లి దాకా రాదు. అందుకే అది ఎవరి లెక్కలోనూ ఉండదు.

ఇప్పుడు వేట సంగతి.

వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని ప్రకారం అడవి పందిని ఎవరికి వారు చంపడానికి లేదు. 2022లో సవరణ చేసిన తర్వాత పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. చంపితే మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. అయితే పంటకో మనిషికో ప్రమాదం అనుకుంటే అనుమతి ఇచ్చే అధికారం అటవీ శాఖ పెద్ద అధికారికి అదే చట్టంలో ఉంది. ఆ అనుమతితో లైసెన్సు తుపాకీ ఉన్న షూటర్లు వచ్చి కాల్చే పద్ధతి మన రాష్ట్రంలో కూడా ఉంది. కేంద్రం ఒక జంతువును కొంతకాలం హానికర జంతువుగా ప్రకటిస్తే అప్పుడు కాల్పులకు ఇంకా సులువు. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామాలో నీల్‌గాయ్‌లను అట్లాగే కొన్ని రోజుల్లో రెండు వందలకు పైగా కాల్చారు. అక్కడికి పోయిన షూటర్లు మన హైదరాబాద్ వాళ్ళే. దాని మీద మేనకా గాంధీ, ప్రకాశ్ జవదేకర్ ఒకే ప్రభుత్వంలో మంత్రులుగా ఉండి కూడా బహిరంగంగా మాట్లాడుకున్నారు. టీవీల్లో వారం రోజులు నడిచింది. ఆ తర్వాత రైతు గురించి ఎవరూ మాట్లాడలేదు.

నేను వేటకు పూర్తి వ్యతిరేకిని అని చెప్పుకోను. నల్లమలలో చెంచులు, ఏజెన్సీలో ఇటుకల పండుగకు అడవికి పోయే గిరిజనులు, వాళ్ళ వేటకు ఒక కాలం, ఒక కట్టుబాటు ఉండేవి. రాజుల వేట వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు 30 పులులను చంపినందుకే తీస్ మార్ ఖాన్ అన్న పేరొచ్చిందని చెప్పుకుంటారు. పులిని, తోడేలును, రేసుకుక్కను లేకుండా చేసుకున్నాం. ఇప్పుడు పందిని తినేది ఎవరు? అక్కడక్కడ మిగిలిన చిరుత ఒక్కటే. దానికీ పెద్ద పంది కన్నా ఊరకుక్క సులువు.

తుపాకీతో ఈ లెక్క సరిపోతుందా అంటే, నా నమ్మకం సరిపోదు. పంది నాలుగు నెలలు తిరగకముందే ఈనుతుంది, ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు. జర్మనీలో దశాబ్దాల నుంచి పద్ధతి ప్రకారం లైసెన్సులిచ్చి ఏటా లక్షల పందులను కాలుస్తున్నారు. అయినా అక్కడ పందుల గొడవ పోలేదు. మన దగ్గర దరఖాస్తు పెట్టాలి, అనుమతి రావాలి, షూటర్ దొరకాలి, ఆ రాత్రి మంద రావాలి. అప్పటికి మక్క ఇంటికొస్తుంది, లేదా పంది కడుపులోకి పోతుంది.

అందుకే రైతు తొందర పడతాడు. తొందరలో చేసేదే కరెంటు తీగ.

దీని గురించి మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు. అది కంచె కాదు, ఉచ్చు. రాత్రి పూట కనపడని సన్న తీగ, మూర ఎత్తున కూడా ఉండదు. పందికి పెట్టామంటారు. కానీ తీగకు పంది ఎవరో, పాలేరు ఎవరో తెలియదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం వైపు అడవిలో వేటగాళ్ళు పెట్టిన తీగ తగిలి గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు చనిపోయారు. శిక్షణ పొందిన మనిషి, తోడుగా పెద్ద బృందం ఉంది, అయినా తప్పించుకోలేకపోయారు. 2025 మేలో ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట్ అడవిలో ఒక ఆడపులి కరెంటు తీగకే పోయింది. ఇవి పెద్ద వార్తలు కాబట్టి మనకు గుర్తున్నాయి. జిల్లా పేజీలో రెండు అంగుళాల వార్తగా వచ్చేవాళ్ళ సంగతి? పొద్దుగాల నీళ్ళు మలపడానికి పోయిన రైతు. బర్రెను వెతుక్కుంటూ పక్క చేన్లోకి పోయిన పిల్లగాడు. తన చేనుకు తానే తీగ పెట్టుకుని, తెల్లారి తీయడం మర్చిపోయి దాని మీదే పడ్డ మనిషి. వానాకాలం పంట చేతికొచ్చే రోజుల్లో మీ జిల్లా పేజీ చూడండి, మీకే కనపడతాయి.

మన దగ్గర వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అది మేలు చేసింది, కాదనను. రాత్రి రెండింటికి లేచి మోటారు పెట్టడానికి పోయి పాము కుట్టి చచ్చే బాధ చాలా వరకు తగ్గింది. కానీ ఇంకో లెక్క చూడండి. చంపే కరెంటు ఉచితంగా వస్తుంది. తరిమే కరెంటుకు మాత్రం రైతు జేబులోంచి పెట్టాలి. మనిషి ఎటు మొగ్గుతాడో చెప్పడానికి డిప్లొమా అక్కర్లేదు.

రెంటికీ తేడా ఏమిటని చాలామంది అడిగారు. "సోలార్ మిషన్‌లో కూడా వేల ఓల్టులు ఉంటయి గదా, మరి అది చంపదా?" మంచి ప్రశ్న. ఓల్టులను చూసి భయపడొద్దు. ఎంత కరెంటు, ఎంతసేపు ఒంట్లోంచి పోతుందో అది చూడాలి. స్తంభం కరెంటు ఆగకుండా పారుతుంది. పట్టుకున్న చేయి బిగుసుకుపోతుంది, వదలాలన్నా వదలదు. 30 మిల్లీ ఆంపియర్లు దాటితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. మన 5 హెచ్‌పీ మోటారు లాగేది 7 ఆంపియర్ల పైనే, అంటే దానికి రెండు వందల రెట్ల కన్నా ఎక్కువ. ఆ లైను నుంచి తీగ లాగితే ఏమవుతుందో ఆలోచించుకోండి. మనం ఝట్కా మిషన్ అనే ఎనర్జైజర్ పద్ధతి వేరు. 12 ఓల్టుల బ్యాటరీ నుంచి తీసుకుని, సుమారు సెకనుకు ఒకసారి ఒక దెబ్బ వదులుతుంది. ఆ దెబ్బ ఉండేది సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో జంతువు వెనక్కి దూకుతుంది, మనిషైతే చేయి లాక్కుంటాడు. తిట్టుకుంటాడు, ఇంటికి పోయి అన్నం తింటాడు.

అయితే ఒక హెచ్చరిక. మార్కెట్‌లో ప్రమాణం లేని లోకల్ మిషన్లు చాలా ఉన్నాయి. తక్కువకు వస్తుందని తీసుకోవద్దు. బిల్లు, వారంటీ, భద్రతా ప్రమాణం గుర్తు చూసి తీసుకోండి. ఎవరైనా "బ్యాటరీ దిగితే డైరెక్టుగా కరెంటు కలుపుకోవచ్చు" అని చెప్తే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి. కంచెకు పసుపు రంగు హెచ్చరిక బోర్డులు కట్టడం, చుట్టుపక్కల వాళ్ళకు ముందే చెప్పడం తప్పనిసరి.

వీడియోలో త్వరగా పోయిన రెండు మూడు విషయాలు ఇక్కడ వివరంగా చెప్తాను. మొదటిది ఎర్తింగ్. పది మందిలో ఎనిమిది మంది "మిషన్ పని చేస్తలేదు" అంటే, మిషన్ బాగానే ఉంటుంది, ఎర్త్ ఉండదు. జీఐ రాడ్లు కనీసం మూడు, ఒకదానికొకటి దూరంగా, లోతుగా దిగ్గొట్టండి. ఎండాకాలం అక్కడ నీళ్ళు పోయండి. రెండోది ఎత్తు. పంది తల దించుకుని, మూతితో వెతుక్కుంటూ వస్తుంది. కింది తీగ జానెడు ఎత్తులో ఉండాలి, దాని తడి మూతికి తగలాలి. వీపుకు తగిలితే ఆ దట్టమైన వెంట్రుకల మీద ఏమీ కాదు, పైగా ముందుకే ఉరుకుతుంది. నేను మూడు తీగలు వేశాను, పై తీగ మోకాలి కన్నా కొంచెం ఎత్తు. మూడోది మనకు ప్రత్యేకం. మనం కలుపు మందు కొట్టం కాబట్టి తీగ కింద గడ్డి పెరుగుతుంది. గడ్డి తీగకు తగిలితే దెబ్బంతా భూమిలోకి పోతుంది. వారానికి ఒకసారి కొడవలి పట్టాల్సిందే. ఆ కోసిన గడ్డి ఎట్లాగూ ఆచ్ఛాదనకు పనికొస్తుంది.

మూడెకరాల చుట్టూ నాకు పడింది 40 వేల పైచిలుకు, కర్రలు మా దగ్గరివే. చిన్న మొత్తం కాదు. అది పెట్టలేని వాళ్ళకు నేను ఉట్టి మాటలు చెప్పను. పాత చీరలు కట్టడం, పులి అరుపుల స్పీకరు, డబ్బా మోత, అన్నీ కొన్ని రోజులు పని చేస్తాయి, ఆ తర్వాత పందికి అలవాటైపోతుంది. రాజేంద్రనగర్ యూనివర్సిటీ వాళ్ళు మక్క చుట్టూ ఆముదం, పల్లి చుట్టూ కుసుమ ఒత్తుగా వేయమంటారు. ఆముదం వాసనకు మక్క వాసన తెలియదు, కుసుమ ముళ్ళకు పంది లోపలికి రావడానికి జంకుతుంది. ఇది నేను చేసి చూశాను, నష్టం తగ్గుతుంది, పూర్తిగా పోదు. అదనంగా ఆముదం పంట కూడా వస్తుంది కాబట్టి కంచె ఉన్నా నేను ఆముదం మానలేదు.

కంచెతో ఇంకో సమస్య ఉంది. అది మిషన్ అమ్మేవాళ్ళు చెప్పరు. కంచె పందిని చంపదు, ఆకలి తీర్చదు. దారి మళ్ళిస్తుంది, అంతే. మా పక్క చేను పెద్దాయన ఆ సీజన్‌లోనే నవ్వుకుంటూ అన్నాడు, "బిడ్డా, నీ కంచె నీ పల్లిని కాపాడింది, నా మక్కను పందికి మేపింది." ఆ మాటలో నవ్వు ఎంతుందో కోపమూ అంతే ఉంది. ఒక్కొక్కరం ఎవరి చేను చుట్టూ వాళ్ళం వేసుకుంటూ పోతే చివరికి కంచె లేని పేద రైతు చేను పందుల హోటల్ అవుతుంది. ఆయనే కదా రేపు కరెంటు తీగ పెట్టేది? అందుకని అడవి అంచు పొడవునా ఊరంతా కలిసి ఒకటే కంచె వేసుకోవాలి. గీత ఒకటే కాబట్టి తలా ఒక్కరికి ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. కాపలా, గడ్డి కోత వంతుల వారీగా చేసుకోవచ్చు. ఇదంతా చెప్పినంత సులువు కాదు. ఊర్లో నలుగురు అన్నదమ్ములు కలిసి ఒక బోరు వాడుకోవడమే కష్టం, నాకు తెలుసు.

ఇక్కడే సర్కారు రావాలి. సోలార్ మీద ఇప్పుడు డబ్బుకు కొదవ లేదు. 2019లో కేంద్రం పీఎం కుసుమ్ తెచ్చింది, పంపులకు, బీడు భూముల్లో ప్లాంట్లకు సాయం ఉంది. 2024లో వచ్చిన సూర్యఘర్ కింద ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేల సబ్సిడీ. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ళ మీద 100 మెగావాట్ల సోలార్ తేలుతోంది. ఇవన్నీ కావాల్సినవే. మన రాష్ట్రంలో 2025 మేలో అమ్రాబాద్ మండలం మాచారంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. 12,600 కోట్లు, 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులు, 6 లక్షల ఎకరాల అటవీ హక్కు భూములు. స్తంభాలు పోలేని చోట సోలార్ పంపు పెట్టడం సరైన ఆలోచన. నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

కానీ ఆ భూములు ఎక్కడున్నాయి? అడవి మధ్యలో, అడవి అంచున. అమ్రాబాద్ అయితే ఏకంగా పులుల అభయారణ్యం. పంపు వస్తే ఎండాకాలం కూడా చేను పచ్చగా ఉంటుంది. చుట్టూ అడవి ఎండిపోయి ఉన్నప్పుడు కనుచూపు మేరలో పచ్చగా, తడిగా ఉన్నది ఆ చేను ఒక్కటే. పంది ఎటు పోతుంది? దాని వెనక చిరుత, పులి ఎటు పోతాయి? 5 హెచ్‌పీ పంపుకు దాదాపు 4,800 వాట్ల పలకలు కావాలి. కంచె మిషన్‌కు 40 వాట్ల చిన్న పలక చాలు, అంటే వందో వంతు కూడా కాదు. ప్రతి సోలార్ పంపుతో పాటు సోలార్ కంచె కూడా అదే పథకంలో, అదే సామానులో రావాలి అన్నది నా డిమాండ్. పంపు ఇచ్చి కంచె ఇవ్వకపోతే పంట ఇచ్చి కాపలా లేకుండా చేసినట్టే. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద కూడా జంతువుల నుంచి పంటను కాపాడే కంచెలకు నిధులు పెట్టుకునే వీలుంది. అడిగే వాళ్ళు తక్కువ, అంతే.

బీమా మాటకొస్తే, అడవి జంతువుల నష్టాన్ని పీఎం ఫసల్ బీమాలో చేరుస్తామని 2025 నవంబర్‌లో కేంద్రం ప్రకటించింది, 2026 వానాకాలం నుంచి. 72 గంటల్లో ఫోటోలతో యాప్‌లో పెట్టాలట. మంచిదే. మన తెలంగాణ 2020లో ఆ బీమా నుంచి బయటికొచ్చింది, మళ్ళీ చేరతామని 2024లో చెప్పింది. మీ పంటకు పాలసీ వర్తిస్తుందో లేదో విత్తనం వేయకముందే మీ ఏఈఓను అడిగి తెలుసుకోండి. పంది తిన్నాక కాదు.

చివరగా మన వాళ్ళకే ఒక మాట, కొంచెం కటువుగా ఉంటుంది. మనం రసాయనం లేదని, విషం లేదని చెప్పి పది రూపాయలు ఎక్కువకు అమ్ముతున్నాం. పీజీఎస్ సర్టిఫికెట్ కోసం ఒకరి చేను ఒకరం తనిఖీ చేసుకుంటాం. యూరియా బస్తా కనపడితే గొడవ చేస్తాం. గట్టు పక్కన చుట్ట చుట్టి పెట్టిన బైండింగ్ వైరు కనపడితే మాత్రం ముఖం అటు తిప్పుకుంటాం. నా దగ్గరికి సరుకు తెచ్చే రైతులకు నేను ఈ సీజన్ నుంచి ఒక షరతు పెట్టాను: కరెంటు తీగ పెట్టిన చేను పంట నా షాపులోకి రాదు. ఇద్దరు అలిగారు. ఒకరు వేరే షాపుకు పోయారు, ఇంకొకరు మిషన్ ధర అడిగారు. వాయిదాల మీద ఇప్పించాను, పంట వచ్చాక సరుకులో పట్టుకుంటాను.

మా దగ్గర నలుగురం కలిసి ఈ వానాకాలానికి అడవి వైపు ఒకటే గీతగా కంచె వేస్తున్నాం, పక్క చేను పెద్దాయన కూడా ఉన్నాడు. కర్రలు పాతడం అయింది, తీగ లాగడం మిగిలింది. ఎంత ఖర్చయింది, ఎవరి వాటా ఎంత, వంతుల దగ్గర ఎక్కడ గొడవ వచ్చింది, అన్నీ తర్వాతి వీడియోలో లెక్కతో సహా పెడతాను.